సత్యము పంటలు

మార్గశిర మాసమున జహీరాబాదు పరిసరములందలి నల్లరేగడి పొలముల నడుమ తెల్లవారుజామున నడచిపోవువారికి మొదట తెలియవచ్చునది చలి కాదు, తడి. వాన వెలిసి నెల దాటియుండును. ఆకాశమున మబ్బుతునక కానరాదు. ఐనను శనగచేని గట్టు దిగి పది అడుగులు వేసిన స్త్రీకి చీర కుచ్చెళ్లు మోకాలి వరకు నానిపోవును. ఆ తడిలో సన్నని పులుపు కలదు. కాలిపై ఏ గీతయో పడియున్నచో చురుక్కుమనును. ఆ పల్లెలలో పుట్టి పెరిగినవారికి యాసంగి చేను ఎదిగినదని తెలుపునది ఆ చురుకే.

మన కావ్యములలో హేమంతమునకు కొదువ లేదు. కాళిదాసు ఋతుసంహారమున ఒక సర్గమునే దానికి కేటాయించెను. కుంకుమపూవు పూతలు, పట్టు దుప్పట్లు, కుంపట్లు, తరుగని రాత్రులు, ఇవన్నియు కవులకు ప్రియములైన వస్తువులు. శనగచేని మంచులో కాలు పెట్టిన కవి మాత్రము అరుదు. అందులకు వారిని తప్పుపట్టనక్కరలేదు. ఆ చేనికి పోవలసిన వేళ ఆస్థానములు మేలుకొను వేళ కాదు.

జహీరాబాదు నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాకు చెందినది. 2016 వరకు మెదకు జిల్లాలో ఉండెడిది. కన్నడ దేశపు బీదరు దీనికి ఇరుగూరు వంటిది. కనుక ఇచటి తెలుగులో కన్నడము, మరాఠీ, ఉర్దూ పాలలో నీళ్లవలె కలిసియుండును. ఎత్తైన పీఠభూమి యగుటచే చలి గట్టిగానే పట్టును. తెలంగాణమున చలి మిక్కుటముగా నమోదగు చోట్లను పత్రికలు పేర్కొనునపుడు ఈ ప్రాంతపు కోహీరు పేరు తరచు వినవచ్చును. ఇక నేల రెండు రంగులది: ఎర్రచెలక, నల్లరేగడి. ఎర్రచెలక వాన పడినన్నాళ్లే పంటనిచ్చును; వాన మరలిపోగానే చేతులెత్తివేయును. చిన్న కుటుంబములకు, అందును దళిత కుటుంబములకు, దక్కిన భూమి చాలవరకు ఈ ఎర్రచెలకయే. కాబట్టి రెండు మూడెకరముల కమతములో అరయెకరము రేగడి ఉన్నను ఇంటిల్లిపాది దానిని కంటికి రెప్పవలె కాచుకొందురు. చలికాలపు కూరయు, వేసవికి కావలసిన పప్పును నూనెయు ఆ అరయెకరము నుండియే రావలెను.

ఆ చెక్కలో పండునట్టి శనగ, కుసుమ, అవిసె, యాసంగి జొన్న, ఎచటనైన కొంచెము గోధుమ, వీనిని అచటి స్త్రీలు 'సత్యం పంటలు' అని పిలుచుదురు. వీనికి నీరు కట్టరు, ఎరువు కొనరు, మందు చల్లరు. ఏ ఆధారమును లేకుండ కేవలము సత్యము మీద నిలిచి పండునవి గనుక సత్యం పంటలని వారు చెప్పెడి అర్థము. ప్రభుత్వపు కాగితములలో వీనికి రబీ పంటలని పేరు. రబీ అనునది అరబ్బీ పదము. వసంతమని దాని యర్థము. ఖరీఫు అనగా శరత్తు. రెండును కోతకాలమును బట్టి వచ్చిన పేర్లు. కాగితము ఇంటికి వచ్చు గింజను చూచి పేరు పెట్టినది. ఆ స్త్రీలు మొక్క నిలిచిన తీరును చూచి పేరు పెట్టిరి. ఈ రెంటిలో ఏది మంచి తెలుగో చెప్పనక్కరలేదు.

ఈ పంటలు మంచుకే పండునని ఊరిమాట. అది సగము నిజము. ఆకుపై నిలిచిన మంచు ప్రొద్దెక్కువరకు మొక్కను చల్లగా నుంచును. కాని మొక్కను పోషించునది వేరు క్రింది తడి. నల్లరేగడిలోని సన్నని బంకమన్ను నీటిని తన పొరల నడుమకు పీల్చుకొని ఉబ్బును. ఒకసారి పట్టిన నీటిని అది చప్పున విడువదు. పైమన్ను పొడిబారినను జానెడు లోతున త్రవ్వి చూచినచో చేతికి అంటుకొనును. శనగ వేరు గజము లోతు దిగి ఆ తడిని వెదకికొనును. కుసుమ వేరు ఇంకను లోతునకు, ఆరడుగులు దాటి పోవును. శ్రావణ భాద్రపదములలో కురిసిన వానను మొక్క పుష్య మాఘములలో త్రాగుచున్నదన్నమాట.

ఆ తడి తనంత తాను దాగియుండునని తలచినచో పొరపాటు. వానకాలమున ఆ చెక్కలో పెసర వంటి కురుచ పంట నొకదానిని తీసియో, లేక పంట లేకుండ ఉంచియో, వాన తెరిపి ఇచ్చినప్పుడెల్ల గుంటక తోలవలెను. గుంటక పారిన నేలపై పొడిమన్ను దుప్పటివలె పరచుకొని క్రింది తడిని ఆవిరి కానీయదు, కలుపును లేవనీయదు. ఎడ్లు సొంతముగా లేని ఇండ్లవారు అద్దె యెడ్లకై ఎదురుచూతురు. ఎడ్లవారు మొదట తమ పొలము, పిమ్మట బంధువుల పొలము, ఆ పిమ్మట అద్దె పొలము తోలుదురు. ఆ నాలుగు దినముల ఆలస్యములో ఆవిరియైన తడిని మరల తెచ్చువారు లేరు. అంతకు ముందు వేసవిలో పెంటకుప్పను గంపలకెత్తి చేనిలో పోయుట, గొర్రెల మందను రాత్రులు పొలమున నిలుపుకొని కాపరికి గింజలిచ్చుట, ఇదియు ఈ పంటకు పెట్టుబడియే. నీరు కట్టకుండ పండినదన్నమాట నిజమే గాని, చెమట పట్టకుండ పండినది కాదు.

దసరా దాటి ఎండ మెత్తబడిన పిమ్మట విత్తుట సాగును. ఒకరు ఎడ్లను తోలుచుండగా, వెనుక నడచు స్త్రీ గొర్రుకు కట్టిన జడ్డిగములో పిడికిటి నుండి గింజలను జారవిడుచును. పిడికిలి బిగిసినచో సాలు పలుచనగును, వదులైనచో గింజ దండుగయగును. ఈ విద్యకు బడి లేదు; తల్లి వెనుక నడచి నేర్చుకొనవలసినదే. శనగ సాళ్ల నడుమ అక్కడక్కడ అవిసె సాలు, కొన్ని జొన్న మొక్కలు, చేను చుట్టును రెండు మూడు వరుసల కుసుమ, ఇది మామూలు ఏర్పాటు. కుసుమ మొక్క ఎదిగిన కొలది దాని యాకుల అంచులు ముండ్లు తేలును. పశువు మూతి పెట్టి వెనుకకు పోవును. కంచె కట్టుటకు సొమ్ము లేనివారు కంచెనే విత్తుకొనిరి. ఆ కంచె మరల నూనెగింజలనిచ్చును!

అవిసె పేరు చెప్పినచో కోస్తా పాఠకులు పొరపడు అవకాశము కలదు. పెరటిలో పెరిగి తెల్లని పెద్ద పూలు పూయు అవిసె చెట్టు వేరు. ఈ అవిసె మోకాలెత్తు మొక్క, అతసి యని సంస్కృతము. విష్ణువు మేనిఛాయకు మన స్తోత్రములు ఉపమానముగా చెప్పు అతసీ పుష్పము ఇదియే. ఉదయమున నీలముగా విచ్చుకొని, మధ్యాహ్నము కాకుండగనే రేకులు రాల్చును. పూజ వేళకు లేచినవారే దానిని చూడగలరు. కుసుమకును సాహిత్యమున చోటు కలదు. కౌసుంభ వస్త్రమని కవులు మెచ్చిన ఎరుపు ఈ పూరేకుల నుండి తీసిన రంగే. వారు రంగును ఎరుగుదురు గాని ముల్లును ఎరిగినట్లు తోచదు.

చేనిలో మందు చల్లకపోవుటకు ఆ ఇండ్లలో చెప్పెడి కారణము పెద్ద సిద్ధాంతమేమియు కాదు. చేను వారికి కూరగాయల అంగడి. విత్తిన నెల దినములకు శనగ కొనలను గిల్లుట మొదలుపెట్టుదురు. గిల్లినకొలది మొక్క ప్రక్కలకు కొమ్మలు వేసి కాయ హెచ్చును. ఇంటికి కూర వచ్చును. లేత కుసుమాకు పప్పులోనికి పోవును. మిగిలిన శనగాకును నీడన ఎండబెట్టి, ఆకు మొలవని వేసవికై దాచుదురు. కలుపులో తనంత మొలిచిన ఆకుకూరలను ఎవరి చేనిలోనైనను ఎవరైనను కోసికొనవచ్చుననుట అచటి మర్యాద. భూమి లేని ఇంటి స్త్రీ గంప పట్టుకొని వచ్చినచో ఏమని అడుగువారు ఉండరు. మందు చల్లిన చేనిలో ఈ వ్యవహారము నడవదు. మొదటి పిచికారితోనే ఇంటికి కూరయు, పొరుగింటికి మర్యాదయు ఒక్కమారుగా ఆగిపోవును.

పచ్చపురుగు రాకపోదు, శనగకు అది పుట్టుశత్రువు. నడుమ నిలిచిన జొన్న కంకులపై పిట్టలు వచ్చి వాలి, క్రిందికి దిగి పురుగును ఏరుకొనును. చాలనప్పుడు వేపగింజల కషాయము చల్లుదురు. అదియు చాలనప్పుడు మొక్కలను వంచి దులిపి చేతులతో ఏరుదురు. కొన్ని యేండ్లు పురుగే గెలుచును. మంచు పడవలసిన దినములలో మబ్బు పట్టినచో దాని బలము ఇనుమడించును. ఈ మాట దాచి పంటను పొగడుట న్యాయము కాదు.

శనగ పులుపును గూర్చి ఒక్క ముక్క. ఆకులపై నుండు సన్నని నూగు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లములను స్రవించును. మంచు పడినప్పుడు అవి అందులో కరగి, నడచువారి చీరకు అంటుకొనును. పూర్వము రాత్రివేళ చేనిపై పలుచని గుడ్డ పరచి, తెల్లవారిన పిమ్మట పిండి, ఆ పులుసును అజీర్తికి మందుగా దాచుకొనెడివారు. వైద్యులు దానిని చణకామ్లమందురు. చేని మీది మంచును సైతము పిండి సీసాలో పోసికొన్న జాతికి పొదుపు నేర్పవలసిన పనిలేదు.

పుష్యము వచ్చునప్పటికి జొన్న పాలు పట్టి గట్టిపడుచుండును. అప్పుడు కాపలా మొదలగును. పగలు పిట్టలకు వడిసెల, రాత్రి అడవిపందులకు మంచె. గొంగడి కప్పుకొని మగవారు మంచెపై కూర్చుండగా క్రింద నెగడు మండుచుండును. ఆ నెగడు నిప్పులలో లేత జొన్నకంకిని కాల్చి, అరచేతుల నడుమ నలిపి, పొట్టు ఊదినచో మిగులునవి ఊచబియ్యము. పచ్చి శనగకాయలను కొమ్మలతో సహా మంటలో కాల్చుకొని తినుటయు అప్పుడే. పిల్లలకు చలికాలమనగా ఇదియే. కాపలా కాయువారికి మాత్రము తెల్లవారుజామున మోకాళ్లు పట్టివేయును. నెగడు చుట్టు చెప్పుకొను కథలను మెచ్చుకొను పట్టణవాసులు ఆ మోకాళ్లను గూర్చియు కొంచెము విచారింపవలెను.

శూన్యం పండుగ ఈ కాలమునకే చెందినది. చేను పొట్టతో నున్నదని, అనగా గర్భిణి యని, ఆ దినమున భావింతురు. ఇంట వండిన వంటకములను నెత్తిన పెట్టుకొని కుటుంబమంతయు పొలమునకు పోయి, భూదేవికి నివేదించి, చేను చుట్టు తిరిగి చల్లి, అచటనే కూర్చుండి భుజింతురు. ఆడపడుచుకు సీమంతము చేసినట్లే చేనికిని చేయుదురన్నమాట. సరిహద్దునకు అవతల బీదరు సీమ కన్నడిగులు ఎళ్ళమావాస్య యని చేయునది దీనికి అక్కచెల్లెలు వంటిదే. పంట ఇంటికి చేరిన పిమ్మట పండుగ చేసికొనుట లోకమున మెండు. గింజ కంటబడకముందే మొక్కకు విందు పెట్టుట ఈ మెట్టసీమ మర్యాద.

మాఘమున శనగ కోతకు వచ్చును. మంచు ఆరకముందే పెరుకవలెను. ప్రొద్దెక్కినచో ఎండిన కాయ చేయి తగులగానే చిట్లి గింజ నేలపాలగును. కుసుమ కోతకు ఫాల్గుణము దాక ఆగవలెను. దానికిని ఉదయమే ముహూర్తము. మంచుకు నానిన ముల్లు కొంత మెత్తగా నుండును. చేతులకు గుడ్డపేలికలు చుట్టుకొని కోయుదురు. ఐనను ఆ నెలలో రొట్టె తట్టెడి చేతులకు గీతలు లేని యిల్లు ఉండదు. విత్తిననాటి నుండి ఇంటిదాక మంచు ఈ పంటకు తోడున్నదనుట ఈ యర్థమున నిజము.

కళ్లములో ఎడ్లచే త్రొక్కించి, గాలి వీచెడి దిక్కు చూచుకొని తూర్పారపట్టుదురు. రాశి చిన్నది. ఎకరమునకు నాలుగైదు క్వింటాళ్ల శనగ దిగినచో ఆ ఏడు మంచిదే. అవిసె కుంచములతో కొలువదగినది మాత్రమే. అవిసెను వేయించి మిరపకాయలతో దంచిన పొడి జొన్నరొట్టెకు జత. కుసుమను నానబెట్టి రుబ్బి పిండిన పాలతో పాయసము కాచుదురు. మిగిలినది గానుగకు పోవును. అమ్మి సొమ్ము చేసికొందమన్నను అంతగా మిగులదు. లాభనష్టముల పట్టికలో ఇట్టి చేనిది ఎప్పుడును చివరి పంక్తియే. గిల్లిన ఆకు, ఎండిన ఆకు, పొరుగింటి గంప, పశువులకు మిగిలిన పొట్టు, చేనిలో శనగ వేళ్లు నిలిపిపోయిన సారము, వీనికి ఆ పట్టికలో గడి లేదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము ఆంధ్రప్రదేశమున అమలులోనికి వచ్చినది. ఆకలి తీర్చినది, కాదనరాదు. దానితోపాటే మెట్టసీమలలో జొన్నకు ఇంటిలో నున్న పెద్దరికము తగ్గినది. కాకతాళీయముగా ఆ సంవత్సరముననే జహీరాబాదు దగ్గర పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. ఊరూర సంఘములుగా కూడిన స్త్రీలు, అధికసంఖ్యాకులు దళితులు, పాత విత్తనములను వెదకి తెచ్చి విత్తన బ్యాంకులు పెట్టుకొనిరి. వాటి నియమము సులభము: తీసికొన్న గింజకు పంట వచ్చిన పిమ్మట రెట్టింపు గింజ తిరిగి ఇచ్చుట. పంట సేంద్రియమా కాదా యని తేల్చుటకును పైనుండి వచ్చు తనిఖీదారు లేడు. తోటి రైతులే ఒకరి చేనిని ఒకరు చూచి సాక్ష్యమిత్తురు. పురుగుమందు వాసనను పొరుగువాని ముక్కు కంటె ముందు పట్టగల యంత్రమేది? సంక్రాంతికి ఎడ్లబండ్లను అలంకరించి, మట్టిపాత్రలలో విత్తనములు పోసికొని, నెల దినములు ఊరూర త్రిప్పెడి పాత పంటల జాతర వారిదే. 2008లో సొంత రేడియో నడుపసాగిరి. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము వారిని వరించెను. ఈ సంస్థకు దీర్ఘకాలము సారథ్యము వహించిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో మరణించిరి. ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరము జరుపుకొనుచున్న ఏడు అది.

బహుమానములు వచ్చినను రేగడి చెక్క విస్తీర్ణము పెరుగదు. తరిగిపోవుట మాత్రము కలదు. బోరుబావి దిగినచోట చెరకు, అల్లము, ఆలుగడ్డ వచ్చినవి. వాటికి చేతికి సొమ్ము వచ్చును, బోరు ఎండినచో అప్పును వచ్చును. అది రైతు ఇష్టము. తప్పనుటకు ఇతరులకు అధికారము లేదు. మరియొక తరుగుదల రైతు ఇష్టముతో జరుగునది కాదు. జాతీయ పెట్టుబడుల ఉత్పత్తి మండలి పేర న్యాల్కల్, ఝరాసంగం మండలములలోని 17 గ్రామములలో సుమారు 12,635 ఎకరములు పరిశ్రమలకై నిర్దేశింపబడినవి. కొంత భూమి సేకరణయు జరిగినది. రైతులు అభ్యంతరములును తెలిపిరి. పరిశ్రమలు వలదని ఎవరును అనరు. ఆ ఊళ్ల పిల్లలకును ఉద్యోగములు కావలయును. కాని పరిహారము లెక్కించునపుడు ఎకరమునకు ధర కట్టుదురే గాని, మూడు నెలల క్రిందటి వానను దాచి యిచ్చెడి గుణమునకు ధర కట్టుట ఎట్లో ఏ పట్టికయు చెప్పదు. ఇల్లు మరియొకచోట కట్టుకొనవచ్చును. అరచేతి మందము నల్లరేగడి ఏర్పడుటకు ఎన్ని తరములు పట్టునో, దానిని మరియొకచోట కొందమన్నను ఇచ్చిన సొమ్మునకు ఎచట దొరకునో! విత్తనపు కుండలను మాత్రము బండికెత్తి తీసికొనిపోవచ్చును. వాటిని ఎర్రచెలకలో పోసినచో శనగ మొలచును, పూత దాక రాదు.

ఫాల్గుణము ముగియునప్పటికి చేను ఖాళీయగును. నేల ఎండి, కాలు దిగునంత వెడల్పున నెర్రెలు విచ్చును. పైమన్ను ఆ నెర్రెలలో రాలిపడి, తొలకరికి నేల మరల ఉబ్బి కలిసిపోవును. నల్లరేగడి తన్ను తానే దున్నుకొనునని అందుకే యందురు. ఇంటిలో అప్పుడు విత్తనముల పని. కళ్లములో మొదట రాలిన గట్టి గింజను వేరుచేసి, ఎండించి, బూడిదయు వేపాకును కలిపి, పేడతో మన్నుతో అలికిన వెదురు గుమ్మిలో పోయుదురు. సంఘమునకు ఈయవలసినది సోలెడు తెచ్చిన చోట రెండు సోలెలుగా కొలిచి మూట కట్టుదురు. కొలుచునపుడు సోలెను అంచుతో సరిచేయక, కుప్పగా పోసి, జారిన నాలుగు గింజలను నేల మీదనుండి ఏరి మరల ఆ కుప్ప మీదనే పెట్టుదురు. పిమ్మట గుమ్మి మూతిని పేడతో మెత్తి మూసివేయుదురు. దసరా వరకు దానిని తెరువరు.